మూడాకుల ఏడు

కండక్టరు పెదనాయన పోయాడు. ఈ సంగతి నాకు రాచర్ల వెళ్ళే ఆటోలో తెలిసింది. డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్న ఒకాయన వెనక్కి తిరిగి, "టీచరమ్మా, మీ వీధిలో కండక్టరాయన పొద్దున పోయినాడంట గదా!" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నేను ఇల్లు వదిలి గంట కూడా కాలేదు. వచ్చేటప్పుడు పెదనాయన వరండాలో అద్దం ముందు కూర్చుని గడ్డానికి నురగ పూసుకుంటున్నాడు. "ఉరుకు తల్లీ, ఆటో పోతది" అని కూడా అన్నాడు. "ఎవరో ఏదో అంటే పట్టుకుని నోటికొచ్చినట్టు మాట్లాడతారా?" అని ఆ మనిషిని కసిరాను. పాపం, ఆయన ముందుకు తిరిగి కూర్చున్నాడు. అంతలో నా ఫోను మోగింది. మా ఇంటి నుంచే.

కాఫీ తెచ్చిన పెద్దమ్మ రెండుసార్లు పిలిచిందట. పలకలేదట. ఒక చెంప గీసుకున్నాడు, రెండో చెంప మీద నురగ అలాగే ఉందట. దారిలో దిగి, ఎదురొచ్చిన ఆటో ఎక్కి గిద్దలూరు వచ్చేశాను. ముక్కూ మొహం తెలియని మనిషిని ఊరికే తిట్టానే అన్న బాధ ఒకటి, అసలు బాధ ఒకటి, రెండూ కలిసి వచ్చాయి.

ఆయన నాకు చుట్టం కాదు. మా ఎదురింటి మనిషి. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు కాబట్టి ఊరందరికీ కండక్టరు. మా నాయన కంటే పెద్దవాడు కాబట్టి నాకు పెదనాయన, ఆయన భార్య పెద్దమ్మ. గిద్దలూరు, మార్కాపురం, పొదిలి మధ్య తిరిగే బస్సుల్లో ఆయన చింపి ఇచ్చిన టికెట్టు తీసుకోని వాళ్ళు మా వైపు తక్కువ. నేను రాయబోయేది మాత్రం టికెట్ల గురించి కాదు, పేకముక్కల గురించి. పేకముక్కలతో గారడీ చేయడంలో ఆయన నా గురువు.

ఈ మాట చదవగానే కొందరికి ఏమనిపిస్తుందో నాకు తెలుసు. మా వైపు పేక అంటే పేకాటే. జేబులో పేక ఉన్నవాడంటే పిల్లనివ్వడానికి కూడా వెనకాడతారు. ఆయన రిటైరైన ఏడాది ఎండాకాలంలో, ఊరవతల తోపులో ఆడుతున్న వాళ్ళను పోలీసులు పట్టుకున్నారు. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ అటు పోయిన పెదనాయన కూడా వాళ్ళలో కలిసిపోయాడు. చొక్కా జేబులో పేక దొరికాక ఇంకేం చెప్పినా వినేదెవరు? స్టేషన్లో ఆయన చేతికి పదమూడు ముక్కలిచ్చి "ఊఁ, షో చెయ్యి" అన్నారట. ఈయన వాటిని బుద్ధిగా చిన్నదాని పక్కన పెద్దది పెట్టి, నల్లవీ ఎర్రవీ కలిపేసి, "ఇట్లనేనా సార్?" అని అడిగాడట. అక్కడున్న వాళ్ళందరూ పడీపడీ నవ్వారట. ముప్పై ఏళ్ళు పేక చేతిలో పట్టుకున్న మనిషికి రమ్మీ ఆడటం రాదు! ఆ రాకపోవడమే ఆయన్ని ఇంటికి పంపించింది.

"గారడీ చూపించి ఉంటే అప్పుడే వదిలేవాళ్ళు గదా పెదనాయనా?" అని అడిగాను ఒకసారి.

"చూపిస్తే నవ్వుతారు, వదుల్తారు. కానీ అది దండం పెట్టినట్టు అయితది. సంతోషంగా కూర్చున్నోళ్ళకు చూపియ్యాల తల్లీ, భయపెట్టినోళ్ళకు కాదు" అన్నాడు.

ఈ విద్య ఆయనకు బస్సులోనే వచ్చింది. వారం వారం పొదిలి సంత నాడు ఒక గారడీ మనిషి ఆయన బస్సు ఎక్కేవాడట. దిగేలోపల ఏదో ఒకటి నేర్పించి పోయేవాడట. మిగిలింది టికెట్లు నేర్పాయి అనేవాడు పెదనాయన. కుదిపే బస్సులో ఒళ్ళు కడ్డీకి ఆనించి, మాట ఒకరితో, చూపు ఇంకొకరి మీద, వేళ్ళు మాత్రం టికెట్ల మీద. మిషన్లు వచ్చాక వేళ్ళకు పని పోయిందనీ, అందుకే పేక మరీ ఎక్కువగా పట్టుకున్నాననీ చెప్పేవాడు.

నేను ఆయన దగ్గర చేరింది ముప్పై మూడో ఏట. అప్పటికి రాచర్ల వైపు ఒక పల్లె బడికి నన్ను వేసి ఏడాదైంది. పిల్లలు నన్ను చూస్తే బిగుసుకుపోయేవాళ్ళు. గొర్రెలతో పోయే పిల్లలు, వారంలో రెండు రోజులు బడికి రావడమే గొప్ప, ఆ రెండు రోజులూ నా మొహం చూసి మాట్లాడేవాళ్ళు కాదు. ఒక ఆదివారం పెద్దమ్మ దగ్గర కూర్చుని ఇదంతా వెళ్ళబోసుకుంటుంటే పెదనాయన విన్నాడు.

"నువ్వు పాఠం చెప్పేటప్పుడు మొహం ఎట్ల పెడతావో నాకు తెలుసు" అన్నాడు.

"ఎట్ల పెడతా?"

"బరువు మోస్తున్నట్టు. నువ్వు కష్టపడుతుంటే వాళ్ళకు ఎక్కడ బాగుంటది? భయమైతది."

కోపం వచ్చింది. నిజం కాబట్టి ఎక్కువ వచ్చింది. ఆయన అదేమీ పట్టించుకోకుండా లోపలికి వెళ్ళి పేక, ఒక పాత పలక తెచ్చాడు. చెక్క చట్రం ఉన్న మార్కాపురం రాతి పలక. నాకు కనపడకుండా దాని మీద బలపంతో ఏదో రాసి, తువ్వాలు కప్పి గోడకు ఆనించాడు. పేక విసనకర్రలా విప్పి, ఏదో ఒక ముక్క తీసుకోమన్నాడు. తీసుకున్నాను. నేనే చూసుకుని, నేనే పేకలో కలిపేశాను. ఏం ముక్కని అడిగాడు. కళావరు ఏడు అన్నాను. తువ్వాలు తీశాడు. పలక మీద కళావరు ఏడు.

గుట్టు బయటపెట్టకూడదంటారు. ఆయన మాత్రం "గుట్టులో ఏముంది, చెప్తే రెండు నిమిషాలు. చేతికి రావడమే కష్టం" అనేవాడు. కాబట్టి చెప్తున్నాను. ఆ ముక్క మనం తీసుకోం. ఆయన ఇస్తాడు. మన చెయ్యి ముందుకు వచ్చే ఆ క్షణంలోనే ఆ ఒక్క ముక్క మన వేళ్ళ మధ్యకు జరుగుతుంది. వెనక చిటికెన వేలు దాని జాగా కాపాడుతూ ఉంటుంది. అంతే విద్య. నాకు అది చేతికి రావడానికి నాలుగేళ్ళు పట్టింది. వచ్చాక కూడా రానట్టే ఉండేది.

"పెదవి కరుస్తున్నావు" అనేవాడు పెదనాయన. ప్రతిసారీ అదే మాట. ముక్క జరిపే క్షణంలో నా కింది పెదవి పళ్ళ మధ్యకు పోయేది. "టికెట్టు ఇచ్చినట్టు ఇయ్యి. టికెట్టు ఇచ్చేటప్పుడు నేనెప్పుడన్నా పెదవి కరిచినానా? చెయ్యి పని చేస్తున్నదని నోటికి తెలియగూడదు." అందుకని నా చేత మాట్లాడించేవాడు. హాజరు పట్టీ పేర్లు చెప్పమనేవాడు. మా అత్త మీద చాడీలు చెప్పమనేవాడు, అవి బాగా వచ్చేవి. అయినా ఆ క్షణం రాగానే పెదవి లోపలికి పోయేది. "అబ్బ, మళ్ళీ తినేసినావు" అని ఆయన నవ్వేవాడు. నేను పేక విసిరికొట్టి లేచిపోయిన రోజులున్నాయి. మరునాడు సాయంత్రం సిగ్గు లేకుండా మళ్ళీ వెళ్ళేదాన్ని. ముక్కలన్నీ ఏరి, దుమ్ము తుడిచి, సర్ది పెట్టి ఉండేవాడు.

ఇంకొకటి నాకు బాగా గుర్తు. ఎవరైనా ముక్క తీసుకున్నాక ఆయన అటు చూసేవాడు కాదు. వీధిలోకి చూసేవాడు, లేకపోతే వాళ్ళ పిల్లల గురించి అడిగేవాడు. "వాళ్ళ చేతిలో ముక్క ఉన్నంతసేపు అది వాళ్ళది. తొంగి చూస్తే నమ్మకం లేనట్టు" అనేవాడు. ట్రిక్కు కుదిరినా కుదరకపోయినా ఆయన మొహంలో తేడా ఉండేది కాదు. ఎంత వెతికినా దొరికేది కాదు.

పెద్దమ్మ ఈ పాఠాలన్నిటికీ పక్కనే ఉండేది. చిక్కుళ్ళు వలుస్తూనో, జొన్నపిండి జల్లిస్తూనో. ఆమె బడికి పోలేదు. ముక్కలకు ఆమె పేర్లు ఆమెవి. కళావరు మూడాకులది, ఇస్పేటు తమలపాకు, ఆఠీను గుండె, డైమండు అరిసె. ఇంటికి ఎవరు వచ్చినా పెదనాయన గారడీ చూపించేవాడు. తువ్వాలు తీసి పలక తిప్పిన ప్రతిసారీ అందరికంటే ముందు పెద్దమ్మే "ఓయమ్మ! ఎట్ల తెలిసె?" అని బుగ్గ మీద చెయ్యి పెట్టుకునేది.

"ఇన్నేళ్ళ నుంచీ అదే మూడాకుల ఏడు వస్తుంటే ఇంకా ఆశ్చర్యమేంది పెద్దమ్మా!" అని ఏడిపించేదాన్ని.

"నాకు అంత తెలివి యాడిది తల్లీ" అనేది.

"మీ పెద్దమ్మ అమాయకురాలు. ఆమె ఎదురుగా ఉంటే ఎన్నిసార్లు చేసినా కొత్తగానే ఉంటది నాకు" అనేవాడు పెదనాయన.

రెండేళ్ళ కిందట ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. మొదట కాఫీ గ్లాసు తెలిపింది. తరువాత చొక్కా గుండీలు. మార్కాపురంలో డాక్టరు మాత్రలు ఇచ్చాడు, ఇది పూర్తిగా పోయేది కాదని కూడా చెప్పాడు. పెదనాయన ఆ మాట నాకు చెప్పినప్పుడు మామూలుగానే చెప్పాడు. నేను ఇంటికి వచ్చి ఏడ్చాను. ఆ చేతులు లేకపోతే ఆయనకు ఏం మిగులుతుందని నా భయం.

కానీ చిత్రంగా, గారడీ పోలేదు. ఇంటికి వచ్చిన వాళ్ళకు చూపిస్తూనే ఉన్నాడు. కాకపోతే ముక్క తీసుకునేది వాళ్ళు కాదు, పెద్దమ్మ. "ఏయ్, ఇట్ల రా, ఒక ముక్క తియ్యి" అని పిలిచేవాడు. ఆమె కొంగుకు చెయ్యి తుడుచుకుని వచ్చి, తీసి, చూసి, రొమ్ముకు ఆనించుకుని, తనే పేకలో కలిపేది. "మూడాకుల ఏడు" అనేది. పలక మీద అదే ఉండేది. ఒకసారి నేను తీస్తానన్నాను. పేక విప్పాడు, వేళ్ళు వణికాయి, మళ్ళీ మూసేశాడు. "ఈ రోజు ముక్కలు చెమ్మగా ఉన్నాయి" అన్నాడు. మండు వేసవిలో చెమ్మేమిటి? అది కూడా తట్టలేదు నాకు. మరునాడు పెద్దమ్మకు కుదిరింది కదా, చెయ్యి వణికినా విద్య ఎక్కడికీ పోలేదని సంతోషపడ్డాను. ఆ సంతోషంలోనే ఒక తెలివితక్కువ పని చేశాను.

మా బడి పిల్లలకు ఆయన గురించి చెప్పాను. అప్పటికే వాళ్ళు నాతో మాట్లాడుతున్నారు, ఆయన పుణ్యమే. ఎప్పుడు తీసుకొస్తావు టీచర్ అని ప్రాణం తీశారు. పెదనాయనను అడిగాను. చెయ్యి వంక చూసుకున్నాడు.

"కొత్త ముఖాలు తల్లీ. తప్పితే?"

"తప్పదు, నేనున్నా గదా."

"నువ్వుండి ఏం చేస్తావు? పెదవి కరుస్తావు." తరువాత ఒప్పుకున్నాడు. "మీ పెద్దమ్మ గూడ వస్తే వస్తా."

ముగ్గురం ఆటోలో వెళ్ళాం. పెద్దమ్మ పట్టుచీర కట్టింది, ఒళ్ళో పలక తువ్వాలు చుట్టి పట్టుకుంది. పెదనాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పిల్లలందరూ నేల మీద, మేము టీచర్లం కుర్చీల్లో. పెద్దమ్మ వెనక తలుపు దగ్గర కూర్చుంది. మొదట చిన్నచిన్నవి చేశాడు. ఎడమ చేత్తో చేసేవి. పిల్లలు అరిచారు. ఎవరికీ కనపడకుండా పలక మీద రాసి, తువ్వాలు కప్పి గోడకు ఆనించాడు. ఇక పెద్దమ్మను పిలవాలి. అంతలో మా హెడ్మాస్టరు ఉత్సాహంగా లేచి, "నేను తీస్తానండీ!" అని ముందుకొచ్చి చెయ్యి చాపాడు.

కాదనడం ఎలా? పెదనాయన పేక విప్పాడు. చెయ్యి ముందెప్పుడూ లేనంతగా వణికింది. విసనకర్రలా తెరుచుకోవాల్సిన పేక గుట్టలు గుట్టలుగా జారింది, రెండు ముక్కలు కింద పడ్డాయి. చిటికెన వేలి జాగా పోయిందని నాకు స్పష్టంగా కనపడింది. ఎందుకు తెచ్చానురా దేవుడా, ఈ మనిషిని ఇంతమందిలో నిలబెట్టి అల్లరి చేశానే అనుకున్నాను.

"సారూ, కొంచెం ఆగండి!" వెనక నుంచి పెద్దమ్మ గొంతు. పిల్లల్ని తప్పించుకుంటూ వచ్చేసింది. "పెళ్ళయినకాడి నుంచి నన్ను ఒక్కసారి గూడ బడికి తోలలేదు ఈయన. ఈ రోజు వచ్చినా. బళ్ళో ముక్క నేనే తీస్తా."

పిల్లలు గొల్లున నవ్వారు. హెడ్మాస్టరు కూడా నవ్వి కూర్చున్నాడు. కింద పడ్డ రెండు ముక్కలూ ఆమే ఏరి ఇచ్చింది. ఆ వణికే చేతిలోంచి ఒక ముక్క తీసుకుంది. రొమ్ముకు ఆనించుకుని చూసింది. తొంగి చూడబోయిన పిల్లవాణ్ణి "ఛీ పో!" అని అదిలించింది. ముక్కను పేకలో పెట్టి, తనే కలిపింది. పెదనాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఏం ముక్క?" అన్నాడు.

"మూడాకుల ఏడు."

తువ్వాలు తీసి పలక తిప్పాడు. బడి దద్దరిల్లింది. "ఓయమ్మ! ఎట్ల తెలిసె?" అని పెద్దమ్మ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. నేను కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పెదనాయన, "చెయ్యి వణికింది గానీ ముక్క తప్పలేదు, చూసినావా?" అన్నాడు. పెద్దమ్మ పలక ఒళ్ళో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చుంది. అది జరిగిన మూడు నెలలకు ఆయన పోయాడు.

మా వైపు మూడో రోజున పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఫొటో ముందు పెడతారు. పకోడీలు పెట్టారు, కాఫీ పెట్టారు, బీడీ కట్ట పెట్టారు. నేను వెళ్ళి పేక పెట్టాను. ఒంగోలు నుంచి వచ్చిన పెదనాయన కొడుకు దాన్ని చటుక్కున తీశాడు.

"అక్కా, వద్దు. బంధువులు వస్తున్నారు. పేకాటోడనుకుంటారు నాయన్ని."

"బీడీలు పెడితే పరువు పోలేదా? మీ నాయనకు రమ్మీ కూడా రాదయ్యా!" నా గొంతు లేచింది. చావింట్లో అలా అరవకూడదు. నలుగురూ మా వైపు చూశారు. కొడుకు కళ్ళనిండా నీళ్ళు. అతనికీ నాయనే కదా. చదువుకునే రోజుల్లో ఆ స్టేషను సంగతి ఎన్ని మాటలు పడేలా చేసిందో అతనికే తెలియాలి. పెద్దమ్మ వచ్చి, అతని చేతిలోంచి పేక తీసుకుని నడుము దగ్గర దోపుకుంది. "దినాలు కానీ. తర్వాత నువ్వు రా" అంది నాతో.

పదకొండో రోజు భోజనాలు అయి, అందరూ వెళ్ళిపోయాక సాయంత్రం వెళ్ళాను. వరండాలో పెద్దమ్మ ఒక్కతే ఉంది. పెదనాయన గడ్డం గీసుకునే అద్దం ఇంకా మేకుకే ఉంది. పక్కన పలక. పేక నా ముందు పెట్టింది.

"ఆ పొద్దు మీ బళ్ళో నేను తీసింది ఏందో తెలుసా?" అంది.

"మూడాకుల ఏడు గదా?"

"అరిసెల తొమ్మిది."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె నా మొహం చూస్తూ నిదానంగా చెప్పింది. "చెయ్యి వణకబట్టినకాడి నుంచి అంతే తల్లీ. ఒకసారి గుండె రాణి, ఒకసారి తమలపాకు రెండు. ఏదొస్తే అది. నోటితో మాత్రం మూడాకుల ఏడు అనేదాన్ని. నేనే కలిపేస్తి, ఇంక చూసేదెవరు?"

"పెదనాయనకు తెలియదా?"

"తెలిసినట్టు మొహంలో ఒక్కనాడు గూడ కనపడలేదు" అంది.

ఎవరి మొహంలో? జీవితంలో ఏ తేడా కనపడనివ్వని ఆ మొహంలో! నేను ఆ మాట అనబోయి మింగేశాను. నలభై ఏళ్ళు ఒకే వరండాలో కూర్చున్న ఇద్దరి మధ్య దూరి నేను తేల్చేదేముంది? రెండేళ్ళు ఆయన అటు చూడలేదు, ఈమె ఇటు చెప్పలేదు. కష్టం కనపడకుండా చేయాలని ఆయన నాకు నాలుగేళ్ళు నేర్పాడు. చేసి చూపించే మనిషి పక్కనే కూర్చుని చిక్కుళ్ళు వలుస్తుంటే నేను తలెత్తి చూడలేదు. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆమె నన్ను ఏడవనిచ్చింది.

తరువాత, "ఒకసారి చెయ్యి. చూడక పదకొండు రోజులైంది" అంది.

పలక అటు తిప్పుకుని బలపంతో రాశాను. తువ్వాలు కప్పి గోడకు ఆనించాను. పేక విప్పాను. భోజనాల దగ్గర ఎవరెవరు వచ్చారో, రానివాళ్ళు ఎందుకు రాలేదో పెద్దమ్మ అడుగుతోంది, నేను చెప్తున్నాను. చెప్తూ చెప్తూ ముక్క జరిపాను. ఆమె తీసుకుంది. పెదవి కరిచానో లేదో నాకు గుర్తు లేదు. నేను వీధిలోకి చూశాను. ఎదురుగా మా ఇంటి గేటు ముందు మేక ఒకటి చిక్కుడు తొక్కలు తింటోంది.

పెద్దమ్మ ముక్కను రొమ్ముకు ఆనించుకుని చూసింది. పేకలో పెట్టి, తనే కలిపి, నాలుగు వైపులా తట్టి సర్దింది.

"ఏం ముక్క పెద్దమ్మా?"

"మూడాకుల ఏడు."

తువ్వాలు తీసి పలక తిప్పాను. అద్దం కింద, తడికళ్ళతో, పెద్దమ్మ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది.

"ఓయమ్మ! ఎట్ల తెలిసె?"

ఆమె తీసింది ఏ ముక్కో నేను అడగలేదు.